మోడెము పలుకనప్పుడు
లినక్సు యంత్రమును టెలిఫోను తీగకు కలుపు విధానము

టెలిఫోను తీగ మనుష్యుల మాటల కొరకు పుట్టినది. యంత్రముల మాటల కొరకు కాదు. సెకనుకు సుమారు 300 మొదలు 3,400 వరకు గల ధ్వని కంపనములను మాత్రమే టెలిఫోను వ్యవస్థ మోస్తుంది. మనిషి గొంతును గుర్తుపట్టి మాట తెలిసికొనుటకు అంత మాత్రము చాలును. కంప్యూటరుకు వచ్చిన భాష వేరు. ఉన్నది, లేదు అను రెండు మాటలు తప్ప మూడవ మాట దానికి తెలియదు. ఈ రెంటి మధ్య ఒక దుబాసీ కావలెను. ఇటు నుండి వచ్చిన అంకెలను ధ్వనిగా మార్చి తీగ మీదకు పంపుట, అటు నుండి వచ్చిన ధ్వనిని మరల అంకెలుగా విప్పుట అతని పని. మాడ్యులేటర్, డీమాడ్యులేటర్ అను రెండు పేర్ల ముందు భాగములను అతికించి ఆ దుబాసీకి మోడెము అని పేరు పెట్టినారు. ఇంటిలో ఉర్దూ, బజారులో తెలుగు, పెన్‌గంగ దాటగానే మరాఠీ, ఉట్నూరు వైపు పోతే గోండీ వినుచు పెరిగిన ఆదిలాబాదు విద్యార్థికి దుబాసీ ఎంత అవసరమో, అతడు తడబడితే ఎంత అనర్థమో మేము వేరుగా చెప్పనక్కరలేదు.

ఈనాడు ఈ పాఠమెందుకు అని కొందరడుగవచ్చును. అమెరికాలో ఏఓఎల్ సంస్థ తన డయల్-అప్ సేవను 2025 సెప్టెంబరు 30న ముగించినది. మన దేశములో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ముంబయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు నగరములలో ప్రజలకు ఇంటర్నెట్టును అందించినప్పుడు దానికి టెలిఫోను తీగయే దారి. ఇప్పుడు మన విద్యార్థుల చేతిలోని ఫోను అంతకంటె ఎన్నో వందల రెట్లు వేగముగా పనిచేస్తున్నది. అయినను మేమీ విషయమును ఎన్నుకొనుటకు కారణమున్నది. నేటి పరికరములలో దోషము ఎక్కడున్నదో కంటికి కనబడదు, చెవికి వినబడదు. చక్రము తిరుగుతూ ఉంటుంది, అంతే. పాత మోడెము అట్లు కాదు. అది ప్రతి మెట్టు వద్ద ఏదో ఒకటి పలుకుతుంది. దోషమును వెదకి పట్టుకొను విద్యను నేర్చుకొనుటకు ఇంతకంటె మంచి బొమ్మ దొరకదని మా అభిప్రాయము. పైగా దాని భాష ఇంకను చావలేదు. ఆ సంగతి చివర చెప్పుదుము.

ముందుగా ఆ కాలపు లెక్క ఒకటి చూడవలెను. ఆదిలాబాదు హైదరాబాదుకు సుమారు 300 కిలోమీటర్ల దూరములో ఉన్నది. ఇంటర్నెట్టు కేంద్రము దూరపు నగరములో ఉన్నంత కాలము, దానిని పిలుచుట అంటే ఎస్టీడీ ధరకు పిలుచుటయే. 2000 అక్టోబరు 1న బీఎస్ఎన్ఎల్ ఏర్పడిన తరువాత సంచార్‌నెట్ పేరుతో, 172తో మొదలయ్యే సంఖ్యలను పిలిచి కలుపుకొను పద్ధతి వ్యాపించి భారము తగ్గినది. తగ్గినను మీటరు తిరుగుట మానలేదు. సెకనుకు 33,600 బిట్లు మోయు మోడెము, ఒక్క ఆటంకము కూడ లేకుండ నడిచినను, ఒక మెగాబైటును దించుటకు నాలుగు నిమిషములు తీసుకొంటుంది. 650 మెగాబైట్ల లినక్సు సీడీని ఆ దారిన దించవలెనంటే 43 గంటలు! అందువలననే మన దేశములో లినక్సు మొదట తీగ మీద రాలేదు. పత్రికల మీద వచ్చినది. 1990ల ఉత్తరార్ధములో పీసీక్వెస్ట్ వంటి మాసపత్రికలు సంచికతోపాటు సీడీలను ఇచ్చినవి. వేలాది విద్యార్థులకు లినక్సుతో తొలి పరిచయము ఆ సీడీల వలననే కలిగినది. సీడీ వచ్చినది, లినక్సు ఎక్కినది, కాని మోడెము పలుకలేదు. మోడెమును పలికించు చోదక కార్యక్రమము ఇంటర్నెట్టులో ఉన్నది. ఇంటర్నెట్టుకు పోవుటకు మోడెము పలుకవలెను. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళి అయితే గాని పిచ్చి కుదరదు అన్నట్లు, ఎంతోమంది ఇక్కడనే ఆగి, లినక్సు మనకు పనికిరాదని తీర్మానించుకొని, సొంతము కాని విండోసు ప్రతులకు తిరిగి పోయినారు. ఆ తీర్మానము తప్పు. దోషము లినక్సులో లేదు. ఎక్కడున్నదో వెదకుదము.

"ఇంటర్నెట్టు రావడము లేదు" అన్నది రోగి మాట. అది రోగము పేరు కాదు. తీగ, మోడెము, మోడెమునకు కంప్యూటరుకు మధ్య గల ద్వారము, పిలిచిన సంఖ్య, అవతలి మోడెముతో పలకరింపు, పేరు-సంకేతపదముల పరీక్ష, ఆ తరువాత దారి, చిరునామా - ఇవి ఒకదాని వెనుక ఒకటి గొలుసుగా ఉన్నవి. ప్రతి కడియమును విడిగా పట్టుకొని పలికించవలెను. అది పలికిన తరువాతనే తరువాతి దానిని ముట్టవలెను. ఒకేసారి మూడు అమరికలు మార్చి, పని జరిగిన పిదప ఏ మార్పు వలన జరిగినదో తెలియని వాడు ఏమియు నేర్చుకొననట్లే.

తీగతో ఆరంభింతము. కంప్యూటరును విడిచిపెట్టి, అదే తీగకు మామూలు టెలిఫోనును తగిలించి చెవి దగ్గర పెట్టుకొనవలెను. గణగణ, చిటపటలు వినబడితే మోడెమును నిందించి ఫలము లేదు. మన జిల్లాలో వర్షములు మొదలుకాగానే స్తంభము మీది అతుకులలోనికి చెమ్మ చేరుతుంది. మనుష్యులు ఆ రొదలో కూడ మాటాడుకొనగలరు గాని మోడెములు వేగమును తగ్గించుకొని, తగ్గించుకొని, చివరకు తీగను వదలివేస్తాయి. ఇంకొక గదిలో అదే తీగకు రెండవ టెలిఫోను ఉంటే, ఇంటిలో ఎవరో దానిని ఎత్తిన క్షణమే కలయిక తెగిపోతుంది. తీగలేని సీడీఎంఏ స్థిర టెలిఫోనులు ఉన్న పల్లెలలో చిక్కు మరింత లోతైనది. అవి మనిషి గొంతుకు తగినట్లు ధ్వనిని కుదించి పంపుతాయి. ఆ కుదింపులో మోడెము కూత నలిగి పోతుంది. అట్టి టెలిఫోనుకు మోడెమును తగిలించి లినక్సులో ఎన్ని మార్పులు చేసినను వ్యర్థము.

ఇక మోడెము. ఇక్కడ కొంత తడవు నిలువక తప్పదు, ఏలయనగా ఆ కాలములో జరిగిన వంచనలలో ఎక్కువ భాగము ఇక్కడనే ఉన్నది. నిజమైన మోడెములో రెండు అంగములున్నవి: ఆజ్ఞలను గ్రహించు నియంత్రకము ఒకటి, అంకెలను ధ్వనిగా, ధ్వనిని అంకెలుగా మార్చు గణిత యంత్రము మరియొకటి. 1990ల చివర తయారీదారులు ఈ రెంటిలో ఒకదానినో, రెంటినో తీసివేసి, ఆ పనిని కంప్యూటరు చేతనే చేయించు కార్యక్రమమును ఒక సీడీ మీద ఇచ్చి, కార్డును చౌకగా అమ్మినారు. దానికే విన్‌మోడెము అని వాడుక పేరు. ఆ కార్యక్రమము విండోసు కొరకే వ్రాయబడినది. దాని లోపలి సంగతి ఎవరికిని చెప్పలేదు. కొనువానికి చేతికి వచ్చినది సగము దుబాసీ. మిగిలిన సగము తాళము వేసిన పెట్టెలో ఉన్నది. తక్కువ ధర గనుక తక్కువ ఆదాయము గల ఇండ్లలోనికే అది ఎక్కువగా చేరినది. ఉచితముగా దొరకు లినక్సు ఎవరికి ఎక్కువ అవసరమో వారి యంత్రములోనే అది మూగదైనది. దీనిని మేము కేవలము సాంకేతిక విషయముగా భావించుట లేదు.

గుర్తించుట ఎట్లు? వెలుపల పెట్టెగా ఉండి, తొమ్మిది లేక ఇరువదియైదు సూదుల సీరియల్ తీగతో తగిలించునది దాదాపు ఎప్పుడును నిజమైన మోడెమే. లోపల పీసీఐ గుంటలో దిగిన పలుచని కార్డు అయితే అనుమానింపవలెను. ఎల్‌ఎస్‌పీసీఐ అను ఆజ్ఞ ఇచ్చిన యెడల కార్డు మీది చిప్పు ఎవరిదో తెలుస్తుంది. పెట్టె మీది సంస్థ పేరును నమ్మరాదు, చిప్పు పేరే ముఖ్యము. లూసెంట్ చిప్పులకు, స్మార్ట్‌లింక్ చిప్పులకు లినక్సు చోదకములు దొరికినవి. స్మార్ట్‌లింక్ వారిది నడిచినప్పుడు టీటీవైఎస్ఎల్0 అను క్రొత్త ద్వారము ఏర్పడుతుంది. కోనెక్సాంట్ చిప్పులకు లినక్సెంట్ అను సంస్థ చోదకమును ఇచ్చినది గాని, ఉచిత ప్రతి 14,400 బిట్ల వేగమును దాటదు. పూర్తి వేగము కావలెనంటే డబ్బు చెల్లించవలెను. ఇట్టి చోదకములు ఒక కెర్నెలు కొరకు కట్టబడినవి. కెర్నెలు మారిన నాడు మోడెము మరల మూగబోతుంది. నిన్నటి వరకు పనిచేసిన మోడెము నేడు మాయమైనదని వాపోవువారు, నిన్న రాత్రి కెర్నెలును నవీకరించిరా అని మొదట తమను తామే అడుగుకొనవలెను.

మోడెము నిజమైనదే అయినప్పుడు దానిని పలుకరించుట సులభము. మినికామ్ అను కార్యక్రమమును తెరచి, ఆంగ్లములో ఏ, టి అను రెండక్షరములు కొట్టి ఎంటర్ నొక్కవలెను. అటెన్షన్ అను మాటలోని తొలి అక్షరములు అవి. 1981లో హేస్ సంస్థ స్మార్ట్‌మోడెముతో లోకానికి ఇచ్చిన పలకరింపు. మోడెము "ఓకే" అని బదులు చెప్పవలెను. చెప్పినదా, తీగ వరకు గల మన వైపు కడియములన్నియు బాగున్నట్లే. చెప్పనిచో తప్పు ద్వారమును తట్టుచున్నామేమో చూడవలెను. విండోసు తన సీరియల్ ద్వారములను ఒకటి నుండి లెక్కించును. లినక్సు సున్న నుండి లెక్కించును. అక్కడి కామ్1 ఇక్కడ టీటీవైఎస్0, అక్కడి కామ్2 ఇక్కడ టీటీవైఎస్1. ఈ ఒక్క అంకె తేడా ఎన్ని సాయంకాలములను మ్రింగినదో చెప్పలేము. ద్వారము సరియైనదే గాని "అనుమతి లేదు" అని తెర మీద వచ్చినచో, వాడుకరి పేరు డయల్‌అవుట్ వంటి ఆ ద్వారపు సమూహములో చేర్చబడలేదని అర్థము. మూల వాడుకరిగా ప్రవేశించి అన్నియు నడుపుకొనుట కొందరికి అలవాటు. అది ఇంటి తాళములన్నియు ఊడదీసి తలుపు తెరుచుకొన్నదని సంతోషించుట వంటిది.

ఇప్పుడు పిలుపు. ఏటీఎం1 అని కొట్టిన యెడల కలయిక కుదురు వరకు మోడెములోని చిన్న స్పీకరు మ్రోగుతుంది. విసుగనిపించినను దానిని ఆపరాదు. ఈ పాఠమంతటిలో చెవికి మించిన సాధనము లేదు. మొదట డయలు ధ్వని, వెంటనే అంకెలు, అవతల గంట. అటు తరువాత సెకనుకు 2,100 కంపనములు గల సన్నని ఏకధార కూత - అవతలి మోడెము "నేనున్నాను" అనుట అది. అనంతరము రెండు మోడెములు తీగను పరీక్షించుకొను బుసబుసలు, చివరకు నిశ్శబ్దము. ఏ ధ్వని వద్ద కథ ఆగినదో అక్కడనే దోషమున్నది.

మొదటి ధ్వని వినబడుచున్నను "నో డయల్‌టోన్" అని మోడెము మొరాయించుట మన దేశములో తరచుగా జరిగినది. కారణము చిత్రమైనది. అమెరికా టెలిఫోను డయలు ధ్వని 350, 440 కంపనముల జంట; మన దేశపు ధ్వని 400 కంపనముల మీద 25 కంపనముల ఊగు గలది. అమెరికా చెవితో పుట్టిన మోడెము మన ధ్వనిని ధ్వనిగా గుర్తించదు. ఏటీఎక్స్3 అని ఆజ్ఞాపించిన యెడల డయలు ధ్వని కొరకు వేచియుండక అంకెలు కొట్టును. ఎంగేజి ధ్వనిని మాత్రము గమనించును. కేపీపీపీలో గాని, డబ్ల్యూవీడయల్ అమరికలో గాని ఆరంభపు ఆజ్ఞ వద్ద ఈ అక్షరములు చేర్చితే చాలును. డయలు ధ్వని వచ్చి, అంకెలు కొట్టినను ధ్వని ఆగకపోయినచో ఎక్స్‌ఛేంజి పాతదై, స్వరములను గాక పల్సులను మాత్రమే గ్రహించునదని తెలియవలెను. అప్పుడు ఏటీడీటీ స్థానములో ఏటీడీపీ వ్రాయవలెను. కూత వినబడి, బుసబుసలు చాలా సేపు సాగి, తెగిపోయినచో తీగ మంచిది కాదు, లేదా వేచియుండు కాలము చాలలేదు. ఎస్7 అను గడిలోని సెకన్ల సంఖ్యను పెంచి చూడవచ్చును.

"కనెక్ట్ 115200" అని తెర మీద చూచి పొంగిపోయిన వారున్నారు. అది కంప్యూటరుకు మోడెమునకు మధ్య గల వేగమే గాని తీగ మీది వేగము కాదు. ద్వారపు వేగమును అట్లు ఎక్కువగా ఉంచుట మంచిదే, ఏలయనగా మోడెము అక్షరములను కుదించి పంపి, వచ్చిన వాటిని విప్పి ఇచ్చును.

కలయిక కుదిరిన తరువాత పీపీపీ అను మర్యాద ఆరంభమవుతుంది. 1994 జులైలో దీని ప్రమాణము స్థిరపడినది. లినక్సులో దీనిని నడుపు సేవకుడు పీపీపీడీ. ఇతడు చనిపోవునప్పుడు ఒక అంకెను చెప్పి చనిపోవును. ఆ అంకెను వ్రాసికొనక తెరను మూసివేయువారు సాక్షి మరణ వాఙ్మూలమును చించివేసిన వారితో సమానము. 7 అయితే ద్వారము తెరుచుకొనలేదు. 8 అయితే పిలుపే కుదరలేదు. 16 అయితే మోడెము తీగ వదలినది. 19 అయితే మన పేరును, సంకేతపదమును అవతలి వారు అంగీకరించలేదు. ఈ చివరి దాని విషయములో రెండు భాషల కళాశాలల విద్యార్థులకు ప్రత్యేకముగా ఒక మాట: కీబోర్డు ఉర్దూకో, తెలుగుకో మార్చి ఉంచి సంకేతపదమును కొట్టిన యెడల తెర మీద నక్షత్రములు మాత్రమే కనబడుతాయి, ఏ భాష నక్షత్రములో తెలియదు. పేరును కొట్టు గడిలో ఒకసారి సంకేతపదమును కొట్టి కంటితో చూచి చెరిపివేయుట మంచి ఉపాయము. పెద్దక్షరము, చిన్నక్షరము వేరు వేరని మరువరాదు. పాప్-సీక్రెట్స్, చాప్-సీక్రెట్స్ అను రెండు దస్త్రములలోను ఒకే వివరము వ్రాసిన యెడల అవతలి వారు ఏ పద్ధతిలో పరీక్షించినను ఇబ్బంది ఉండదు.

డబ్ల్యూవీడయల్ కలయిక కుదిరిన తరువాత కూడ "పేరు చెప్పుము" అను ప్రశ్న వచ్చునేమో అని కొంత సేపు వేచి చూచును. అట్టి ప్రశ్న వేయక నేరుగా పీపీపీ ఆరంభించు కేంద్రముల విషయములో ఈ తెలివి చేటు తెచ్చును. అప్పుడు దాని అమరికలో "స్టుపిడ్ మోడ్" అను దానికి అవును అని వ్రాయవలెను. తెలివితక్కువగా ఉండుటకు అనుమతి ఇచ్చినప్పుడే సరిగా పనిచేయు కార్యక్రమములు లోకములో అరుదు.

అన్నియు దాటి, కలిసినదని తెర చెప్పినను పుటలు తెరుచుకొనకపోవచ్చును. పింగ్ ఆజ్ఞతో ఏదైనా అంకెల చిరునామాను తట్టి చూడవలెను. అంకెలకు బదులు వచ్చి, పేర్లకు రానిచో పేర్లను అంకెలుగా మార్చు సేవకుని చిరునామా రిజాల్వ్-కాన్ఫ్ దస్త్రములో లేదు. యూజ్‌పీర్‌డీఎన్ఎస్ అను మాటను పీపీపీ అమరికలో చేర్చితే అవతలి వారే దానిని చెప్పుదురు. అంకెలకు కూడ బదులు రానిచో దారి తప్పినది. కంప్యూటరులో ఈథర్‌నెట్ కార్డు ఉండి, దాని కొరకు ముందే ఒక వాడుక దారి వ్రాయబడియుంటే, పీపీపీడీ ఆ దారిని తొలగించదు; సమాచారమంతయు ఎవరును లేని కార్డు వైపు పోతూ ఉంటుంది. చేతితో వ్రాసిన అమరికలలో ఇదే దారి మరియొక చిక్కు తెచ్చును: అవతలి వారు తమను తాము నిరూపించుకొనవలెనని పీపీపీడీ పట్టుపట్టును, వారు ఒప్పుకొనరు, కలయిక తెగును. నోఆథ్ అను ఒక్క మాటతో ఇది సమసిపోవును. కళాశాల ప్రయోగశాలలోని యంత్రమును ఇంటికి తెచ్చుకొన్న వారికి ఈ రెండును తప్పవు.

ఈ భాష చావలేదని పైన అన్నాము. 3జీ డేటా కార్డులు వచ్చినప్పుడు వాటిని లినక్సు ఏటీ ఆజ్ఞలతోనే పలుకరించినది. పిలుచు సంఖ్య మాత్రము *99# అయినది, ద్వారము టీటీవైయూఎస్‌బీ0 అయినది, లోపల అదే పీపీపీ. చాలా కార్డులు మొదట సీడీ డ్రైవు వలె వేషము వేసికొని వచ్చును. యూఎస్‌బీ-మోడ్‌స్విచ్ ఆ వేషమును విప్పిన పిదపనే మోడెము బయటపడును. ఇప్పుడు లినక్సులో మోడెమ్‌మేనేజర్ అను సేవకుడు క్రొత్తగా తగిలిన కొన్ని సీరియల్ ద్వారములను "నీవు మోడెమువా?" అని ఏటీ అక్షరములతో ప్రశ్నించుట కద్దు. ఆర్డునో పలకను కంప్యూటరుకు తగిలించి కార్యక్రమమును ఎక్కించబోవు విద్యార్థికి "ద్వారము పనిలో ఉన్నది" అని అడ్డు తగిలి, కొన్ని క్షణముల తరువాత దానంతట అదే తొలగిపోయినచో, ఆ క్షణములలో ద్వారమును పట్టుకొని ఉన్నది అతడేనేమో చూడవలెను. మోడెమ్‌మేనేజరును ఆపి మరల ప్రయత్నించిన యెడల సంగతి తేలిపోవును.